కన్ను చూడలేని నీలిమ

శస్త్రచికిత్స ముగిసి, కుట్లు వేసి, రోగిని మంచమునకు చేర్చిన గడియను ఒకసారి తలంచుము. "గండము గడిచినది" అని బంధువులు ఊపిరి పీల్చుకొందురు. అయితే మరియొక అపాయము ఆ నిశ్శబ్దములోనే పొంచియుండును. మత్తు పూర్తిగా దిగలేదు. నొప్పి తగ్గించు మందు శ్వాసను మందగింపజేయవచ్చును. గాయపు బాధచేత రోగి నిండుగా గాలి పీల్చడు. ఊపిరితిత్తులలోని చిన్న గాలితిత్తులు కొన్ని ముడుచుకొనిపోవును. నాలుక వెనుకకు జారి గాలిత్రోవను మూయవచ్చును. ఇట్లు రక్తములో ప్రాణవాయువు తగ్గును. మత్తులోనున్నవాడు కేక వేయలేడు గదా!

పూర్వము వైద్యులు దీనినెట్లు కనుగొనిరి? పెదవులును గోళ్లును నీలివర్ణము దాల్చినవా యని చూచుచుండిరి. ఆ చూపు ఎంత నమ్మదగినది? 1947లో కామ్రో, బొటెల్హో అను ఇద్దరు అమెరికా పరిశోధకులు దానినే పరీక్షించిరి. ఆరోగ్యవంతుల రక్తములో సాధారణముగా నూటికి 95 పాళ్లకు పైగానుండు ప్రాణవాయువును కొంతసేపు తగ్గించి, 127 మంది పరిశీలకులకు వారిని చూపిరి. అది 80కి పడిపోవువరకు ఎక్కువమంది నీలిమను నిశ్చయముగా గుర్తింపలేకపోయిరి. 71–75కి దిగినను నాలుగవ వంతుమంది గుర్తింపనేలేదు. వారు చూచుటకే నిలిచినవారు, అయినను చూడలేకపోయిరి!

కన్నుకు సాయము జపాను దేశమునుండి వచ్చెను. అక్కడ తకువో అవోయగి అను ఇంజనీరు చెవిగుండా వెలుగును పంపి, గుండె ఎంత రక్తము తోడుచున్నదో కొలువ యత్నించుచుండెను. నాడి కొట్టుకొనినప్పుడెల్ల ఆ వెలుగు ఊగి లెక్కను చెడగొట్టెను. ఆ ఊపును తొలగింప రెండు విధములైన వెలుగును వాడెను. రక్తములో ప్రాణవాయువు మారినప్పుడు ఆ ఉపాయము తప్పిపోయెను. అప్పుడాయన గ్రహించెను: తాను విఘ్నమనుకొన్నదే సాక్షి! నాడితో కదలునది ధమనుల రక్తమే గనుక, ఆ ఊపునుండియే ప్రాణవాయువును లెక్కింపవచ్చును. 1974లో ఆయన దీనిని ప్రకటించెను. పల్సు ఆక్సీమీటరు పుట్టుక ఇదియే. ఆయన 2020లో కన్నుమూసెను. ఆ కోవిడ్ దినములలోనే ఆ చిన్న క్లిప్పు మన ఇండ్లకు సహితము వచ్చెను.

అయితే పరికరముంటే చాలునా? 1993లో ప్రకటింపబడిన డెన్మార్కు పరిశోధనలో 20,802 మంది రోగులను పరిశీలించిరి. పరికరము వాడినచోట ప్రాణవాయువు కొరత 19 రెట్లు ఎక్కువగా బయటపడెను. మరణములు మాత్రము తగ్గినట్లు కనబడలేదు. సంఖ్య హెచ్చరించునేగాని రోగిని లేపి ఊపిరి పీల్పించదు. ఆక్సిజను పెట్టియున్నయెడల, శ్వాస మందగించినను సంఖ్య కొంతసేపు బాగుగానే యుండును. చర్మము నల్లనివారిలో అది కొన్నిసార్లు ఉన్నదానికంటె ఎక్కువ చూపును.

కాబట్టి చదువరీ, నీ ఆప్తుని ప్రక్క కూర్చుండు రాత్రి, సంఖ్యతోపాటు అతని రొమ్మును చూడుము. శ్వాస ఆగి ఆగి వచ్చుచున్నదా? గురక మధ్యలో నిలిచిపోవుచున్నదా? పేరుపెట్టి పిలువుము. వెంటనే నర్సమ్మను కేక వేయుము. అనవసరముగా పిలిచితినేమో యని సిగ్గుపడకుము. తనకై తాను కేక వేయలేనివానికి ఆ రాత్రి నీవే గొంతుక.