చేపను చూపే యంత్రం – గాలపు సరదా

ఉద్యోగ విరమణ తర్వాత కాలక్షేపం ఎలా అన్న ప్రశ్న మన సంఘ సమావేశాల్లో తరచూ వస్తూనే ఉంటుంది. కొందరు పూజా పునస్కారాల్లో పడ్డారు. కొందరు మనవలు, మనవరాళ్ల చదువులు చూసుకుంటున్నారు. ఇంకొందరు గాలపు కర్ర పట్టుకుని చెరువు కట్ట చేరారు. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి గాలం కొత్త విద్య కాదు. కొత్తగా వచ్చినదల్లా ఒక యంత్రం. నారింజపండంత బంతిని దారానికి కట్టి నీళ్లలోకి విసిరితే, లోతు ఎంత, అడుగున రాయా బురదా, మధ్యలో చేపలున్నాయా అన్నది సెల్‌ఫోను తెర మీద బొమ్మగా కనబడుతుంది. పడవకు బిగించే పెద్ద యంత్రాలు ఇంకా ఎక్కువ చూపుతాయి.

ఇది గాలపు సరదాను పెంచుతుందా, పాడు చేస్తుందా? అవునని, కాదని తేల్చే ముందు చరిత్ర కొంచెం తిరగేయడం మంచిది. ఎందుకంటే ఈ చరిత్రలో మన ప్రాంతానికి కూడా గట్టి వాటా ఉంది.

రాజుగారి వినోదం

పొట్టకూటి కోసం కాక వినోదం కోసం చేపలు పట్టడం తెల్లదొరలు నేర్పిన విద్య అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1130 ప్రాంతంలో సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే గ్రంథం రచించాడు. రాజుల వినోదాలను వివరించే భాగంలో 'మత్స్యవినోదం' అని ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. చేపల జాతులు, గాలపు కర్ర, దారం, కొక్కెం, ఏ చేపకు ఏ ఎర అన్న సంగతులన్నీ అందులో ఉన్నాయి. ఈ అధ్యాయం విలువను మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఆధునిక పాఠకుల దృష్టికి తెచ్చారు.

ఆ రోజుల్లో మన ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడులు ఈ కల్యాణి చాళుక్యులకే సామంతులు. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు వారి రాజధానుల్లో ఒకటి. అక్కడి ఉదయసముద్రం చెరువు వారి కాలం నాటిదే. ఏలినవారు గాలపు వినోదం మీద గ్రంథం రాస్తున్న కాలంలోనే ఇక్కడ సామంతులు చెరువులు కట్టించారన్నమాట.

ఆ తర్వాత చాలాకాలానికి మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సలివాన్ థామస్ అనే అధికారి 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం ప్రచురించాడు. 1887లో చెరువుల్లో గాలం వేయడం గురించే 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని మరొకటి రాశాడు. వందలాది చెరువులున్న దక్షిణ దేశానికి అది సరిపోయే పుస్తకమే.

పనిముట్లు ఎప్పుడూ మారుతూనే వచ్చాయి

మన ఊళ్లలో గాలం సరంజామా చాలా సులువు. వెదురు కర్ర, నూలు దారం, కొక్కెం, దానికి గుచ్చిన ఎర్ర, నీటి మీద తేలే జొన్నబెండు. బెండు మునిగితే చేప తగిలినట్టు. తర్వాత నైలాన్ దారం వచ్చింది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1938లో ప్రకటించిన ఈ దారం నీటిలో కుళ్లదు, చేప కంటికి అంతగా ఆనదు. ఆ వెనుక గిలకలు, ఫైబర్ కర్రలు వచ్చాయి. నైలాన్ వాడినవాణ్ణి ఇవాళ ఎవరూ తప్పుపట్టరు. కనుక "కొత్తది కాబట్టి చెడ్డది" అన్న వాదన చరిత్ర ముందు నిలబడదు.

అలాగని కొత్తదంతా మంచిదీ కాదు. బ్రిటిష్ ఇండియాలో 1897లో వచ్చిన మత్స్య చట్టం నీళ్లలో డైనమైట్ పేల్చడాన్ని, విషం కలపడాన్ని నేరాలుగా ప్రకటించింది. పెద్దదీ చిన్నదీ, గుడ్డుతో ఉన్నదీ లేనిదీ అన్న తేడా లేకుండా చంపే పద్ధతి కాబట్టే దాన్ని నిషేధించారు. అంటే పనిముట్టు కొత్తదా పాతదా అన్నది కాదు, అది నీటికి ఏం చేస్తుందన్నదే చూడాలని మన పెద్దలకు వంద సంవత్సరాల క్రితమే తెలుసు.

శబ్దంతో చూపు

1912లో టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొని మునిగిన తర్వాత, నీటిలోకి శబ్దం పంపి ప్రతిధ్వనిని వినే ప్రయత్నాలు ముమ్మరమయ్యాయి. 1913లో జర్మనీకి చెందిన అలెగ్జాండర్ బెహ్మ్ ఈ పద్ధతికి పేటెంట్ పొందాడు. 1914లో రెజినాల్డ్ ఫెస్సెండెన్ అట్లాంటిక్‌లో మంచుకొండను ప్రతిధ్వనితో పసిగట్టాడు. సూత్రం తేలికే. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. పంపిన శబ్దం సెకనులో యాభయ్యవ వంతులో తిరిగి వస్తే, పోను రాను కలిపి 30 మీటర్లు, అంటే లోతు 15 మీటర్లు.

చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది. గాలికి తగిలిన శబ్దం గట్టిగా వెనక్కి వస్తుంది కాబట్టి లోతు కొలిచే యంత్రంలోనే చేప కూడా కనబడింది. జపాన్‌లో ఫురునో సోదరులు 1948లో దీన్ని జాలర్ల యంత్రంగా మార్చి అమ్మకానికి తెచ్చారు. 1950ల చివర అమెరికాలో లోరెన్స్ కుటుంబం చిన్న పడవలో పెట్టుకోదగిన పెట్టెను తయారు చేసింది. యంత్రం సరదాగా చేపలు పట్టేవాడి చేతికి వచ్చింది అప్పుడే.

మన జలాశయాల్లో ఇదే విద్య

ఈ విద్య మన జిల్లాలకు చేపల కోసం రాకముందే నీటి లెక్కల కోసం వచ్చిందని నీటిపారుదల శాఖలో పనిచేసిన మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. నాగార్జునసాగర్‌కు నెహ్రూగారు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలారు. అప్పటి లెక్కలో జలాశయం సామర్థ్యం 408 టీఎంసీలు. ఏటా వచ్చే వరదతోపాటు ఒండ్రు కూడా వచ్చి అడుగున పేరుకుంది. పడవ మీద తిరుగుతూ శబ్దంతో లోతులు కొలిచి చేసిన సర్వేల తర్వాత ఆ లెక్క 312 టీఎంసీలకు దిగింది. శ్రీశైలం తొలి లెక్క 308 టీఎంసీలు కాగా తర్వాతి సర్వేల్లో అది 215కు తగ్గింది. తాడుకు బరువు కట్టి కొలిచే పాత పద్ధతిలో ఇంత విశాలమైన అడుగును తెలుసుకోవడం సాధ్యమయ్యేది కాదు. కాబట్టి యంత్రం మీద కోపం పెట్టుకోనక్కరలేదు. రైతు నీటి వాటా నిర్ణయమయ్యేది ఆ లెక్కల మీదనే.

శ్రీశైలం ముంపులో కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల ఊళ్లు ఎన్నో నీటి అడుగుకు పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయం లాంటి గుడులను విప్పి వేరేచోట తిరిగి కట్టారు గానీ, ఇళ్లను ఎవరు తరలించగలరు? గోడలు, బావులు, రాళ్ల కుప్పలు ఉన్నచోట చేపలు చేరతాయి. అక్కడ గాలం వేసేవాడి తెర మీద చేపతోపాటు ఎవరిదో ఒక ఇంటి గోడ కూడా గీతగా కనబడవచ్చు. మన సభ్యుల్లో ఆ ఊళ్లవారు ఉంటే, వారికి ఆ గీత చేపకన్నా విలువైనదే.

చెరువులో యంత్రం ఏం చూస్తుంది?

ఇక అసలు సంగతి. ఈ యంత్రం శబ్దాన్ని టార్చిలైటు వెలుగులా శంకువు ఆకారంలో కిందికి పంపుతుంది. మామూలుగా ఉండే ఇరవై డిగ్రీల కోణంతో లెక్కవేస్తే, వంద అడుగుల లోతున 35 అడుగుల వెడల్పు వలయం కనబడుతుంది. పది అడుగుల లోతున కనబడేది మూడున్నర అడుగులే. సాగర్‌లో, శ్రీశైలం వెనుకనీటిలో ఇది పనికొస్తుంది. మన ఊరి చెరువులో నిండా నీళ్లున్నప్పుడు సైతం చాలాచోట్ల పది, పదిహేను అడుగులకు మించి లోతుండదు. అక్కడ యంత్రం చూసేది నులకమంచమంత కూడా ఉండదు.

పైగా మన ప్రాంతంలో అందరూ ఆశపడే చేప కొర్రమట్ట. అది ఒడ్డున తుంగలో, తామరాకుల కింద, బురదలో ఉంటుంది. ఆకు, నాచు మధ్య శబ్దం చెదిరిపోతుంది. కానీ కొర్రమట్టకు ఒక అలవాటుంది. అది గాలి పీల్చుకోవడానికి నీటి పైకి రాక తప్పదు. పైకి వచ్చి గుటకవేసి దిగేటప్పుడు లేచే చిన్న అలను చూసి దాని జాడ పట్టడం ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల్లో పిల్లలకూ తెలుసు. ఎర్రని పిల్లల గుంపు నీటిపై తిరుగుతుంటే కింద తల్లిదండ్రులు కాపలా ఉన్నాయని కూడా వారికి తెలుసు. ఆ జంటను పడితే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి కాబట్టి అప్పుడు గాలం వేయకూడదన్నది వివేకం. ఏ యంత్రమూ ఈ వివేకం చెప్పదు.

వెతుకులాట ఎవరికి ఖర్చు?

సముద్రం లేని మన హైదరాబాదులో 1999లో ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఏర్పడింది. ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత, నీటి రంగు ఆధారంగా చేపలు ఎక్కడ గుమికూడవచ్చో ఈ కేంద్రం తీరంలోని జాలర్లకు తెలుపుతుంది. జాలరికి వెతుకులాట అంటే డీజిలు ఖర్చు, ఇంటికి దూరంగా గడిపే రాత్రులు. దాన్ని తగ్గించిన యంత్రం అతనికి మేలే చేసింది.

వినోదానికి వెళ్లినవాడి సంగతి వేరు. అతనికి వెతుకులాట ఖర్చు కాదు, అతను వచ్చిందే దానికోసం. గాలి ఎటు వీస్తోంది, తూము దగ్గర నీరు కదులుతోందా, నిన్న మత్తడి దూకిందా, కొంగలు ఎక్కడ వాలాయి అని చూస్తూ గంటలు గడపడమే అందులోని సుఖం. ఆ గంటలు తీసేస్తే మిగిలేది చేప ఒక్కటే. అది బజారులో కూడా దొరుకుతుంది.

ఈ చర్చ మనది మాత్రమే కాదు. నీటిలో కదిలే చేపను సినిమాలా అప్పటికప్పుడు చూపే పరికరాలు 2018 ప్రాంతంలో అమెరికాలో వచ్చాయి. లక్షల డాలర్ల బహుమతులుండే అక్కడి పోటీల్లో కుర్రవాళ్లు నీటిని చూడడం మాని తెరనే చూస్తున్నారన్న గొడవ లేచింది. చివరకు మేజర్ లీగ్ ఫిషింగ్ అనే సంస్థ తన ప్రధాన పోటీల్లో 2025 నుంచి రోజును మూడు భాగాలు చేసి, ఒక్క భాగంలోనే ఆ పరికరం వాడాలని నియమం పెట్టింది. యంత్రాన్ని కనిపెట్టిన దేశమే దానికి పగ్గం వేయవలసి వచ్చింది.

నీరు ఎవరిది, చేప ఎవరిది?

ఒక మాట మనం మరవకూడదు. మన చెరువుల్లో చేపల మీద హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలది. 2016లో రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం మొదలుపెట్టింది కూడా వారి బతుకు కోసమే. ఎండాకాలంలో నీరు మడుగుగా కుంచించుకుపోయి చేపలన్నీ ఒకచోట చేరినప్పుడు, పెన్షను వచ్చే మనిషి యంత్రం పట్టుకుని కూర్చుంటే అది సరదా అనిపించుకోదు. వెదురు కర్రతో కూర్చున్నవాడు రెండు జెల్లలు పట్టుకుపోతే సంఘంవారు నవ్వి ఊరుకుంటారు. గాలానికి ఆ మర్యాద దక్కుతున్నది అది తక్కువ పట్టడం వల్లనే.

యంత్రం వల్ల మనకు మేలు అసలే లేదని కాదు. మోకాళ్ల నొప్పులతో కట్టంతా తిరగలేని వారికి, కట్ట కింద గుంత ఎంత లోతో తెలియక కాలుజారే ప్రమాదం ఉన్నవారికి లోతు చూపే యంత్రం ఆసరాయే. సెలవులకు వచ్చిన మనవడికి నీటి అడుగు బొమ్మ చూపిస్తే వాడు సెల్‌ఫోనులోని ఆటలు వదిలి చెరువు వైపు చూడనూవచ్చు. అందుకని లోతైన జలాశయంలో, పడవలో, తగిన అనుమతితో వెళ్లేవారు దాన్ని వాడుకోవడంలో తప్పులేదు. ఊరి చెరువులో మాత్రం డబ్బు పెట్టి కొనవలసిన అవసరం కనబడదు. అక్కడ కట్ట మీద కనబడిన గంగపుత్ర పెద్దమనిషిని "ఇయ్యాల ఎక్కడ పడుతున్నయే అన్నా?" అని అడిగితే యంత్రం కన్నా ఎక్కువే చెబుతాడు. అలా అడిగేవాళ్లు కరువైతే అతనికి తెలిసినది అతనితోనే పోతుంది. సోమేశ్వరుడి గ్రంథంలో చేరినంత విద్య మన చెరువు కట్టల మీద రాతకెక్కకుండా ఉంది. మిత్రులు తమ ఊరి చెరువులో ఏ కాలంలో ఏ చేప ఎక్కడ ఉండేదో అడిగి తెలుసుకుని, నాలుగు వాక్యాలైనా రాసిపెట్టి పిల్లలకు అందించవలసిందిగా మనవి.