ఈల విన్న అంధుడు

వృత్తిరీత్యా మేము చెవితో బ్రతుకువారము. చలనచిత్రము చూచునప్పుడును మా మనస్సు ముందుగా శబ్దము మీదికే పోవును. అట్టి మాకు, వియన్నాలో జన్మించి బెర్లిన్‌లో పేరొందిన దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎమ్' అను నేరచిత్రమును చూచుట నలువదియేండ్లు దాటిన పిదపగాని తటస్థింపలేదు. అందు హత్య ఒక్కటియు తెరపై కనిపింపదు. అయినను ఆ రాత్రి మాకు చాలసేపు నిద్ర పట్టలేదు.

ఈ చిత్రము 1931 మే 11వ తేదీన బెర్లిన్‌లో తొలిసారి ప్రదర్శింపబడినది. మన దేశమున తొలి టాకీ 'ఆలం ఆరా' వెలువడి అప్పటికి రెండు నెలలు నిండలేదు. మాట దొరికినదే తడవుగా తెరను పాటలతోను, సంభాషణలతోను నింపుచున్న దినములవి. లాంగ్‌కును ఇదియే తొలి శబ్దచిత్రము. కాని ఆయన నిశ్శబ్దమునకు కూడ చోటిచ్చెను.

ఎల్సీ అను బాలిక బడినుండి ఇంటికి రావలెను. తల్లి భోజనపు బల్ల సిద్ధము చేసి గడియారము చూచుచుండును. బిడ్డను పేరు పెట్టి పిలుచును. ఆ పిలుపు ఖాళీ మెట్లపైన, ఎవ్వరును ముట్టని పళ్లెముపైన మ్రోగును. పిదప గడ్డిలో ఒక బంతి దొరలివచ్చును. తంతి తీగలలో ఒక గాలిబుడగ చిక్కుకొనును. ఇంతియే. ఇంతకు మించి చూపియుండినచో మేమంత భయపడియుండము.

హంతకుడు పట్టుబడుటయు ముఖమునుబట్టి కాదు, ఈలనుబట్టి. నార్వే స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ కూర్చిన బాణీ అది. ఆ పాత్ర ధరించిన పీటర్ లోరెకు ఈల వేయ రాకపోవుటచే లాంగే స్వయముగా వేసెనందురు. పోలీసులు వ్రేలిముద్రలతోను, పటములతోను కుస్తీ పట్టుచుండగా, బుడగలమ్ము అంధుడొకడు ఆ ఈల విని వానిని గుర్తించును. ఒక యువకుడు అరచేత సుద్దతో 'ఎమ్' అని వ్రాసికొని వాని భుజముపై అద్దును. జర్మన్ భాషలో హంతకుడను మాటకు అది మొదటి అక్షరము.

పోలీసు దాడులతో తమ పని సాగకున్నదని విసిగిన దొంగలు వానిని పట్టి, పాడుపడిన సారాయి బట్టీలో విచారణ జరుపుదురు. అంతవరకు మేమును వారి పక్షమే. కాని తనలోని దయ్యమును ఆపుకొనలేనని వాడు మొరపెట్టునప్పుడు, చంపుడని అరచు గుంపులో మా గొంతును ఉన్నదేమో యని ఉలికిపడితిమి. వ్యాధిగ్రస్తుని తలారికి గాక వైద్యునికి అప్పగింపవలెనని వాని తరఫువాడు వాదించును. ఆ మాట వినువారు లేరు.

చిత్రము వెలువడిన రెండేండ్లలోపే, 1933 జనవరిలో, హిట్లరు అధికారమునకు వచ్చెను. లాంగ్, యూదుడైన లోరె ఆ యేడే జర్మనీ విడిచిరి. 1934లో చిత్రము నిషేధింపబడినది. కథ అంతటితో ముగియలేదు. 1940లో వెలువడిన నాజీ ప్రచారచిత్రమొకదానిలో, లోరె మొరపెట్టు దృశ్యమునుండియే ఒక ముక్క కత్తిరించి చేర్చి, యూదులపై ద్వేషము రగిల్చిరి. గుంపు తీర్పు ఎంత భయంకరమో చూపిన దృశ్యమే, వేరొక గుంపును సిద్ధము చేయుటకు సాధనమైనది. నటుడు మారలేదు, గొంతు మారలేదు. ముందు వెనుకలు మాత్రము పోయినవి.

శబ్దమును కత్తిరించి అతుకుట మాకు నిత్యకృత్యము. నిమిషములు మిగుల్చుకొనుటకు ఎందరి మాటలను కుదించితిమో లెక్క లేదు. చిత్రము చూచిన మరునాడు ఒక వృద్ధుని సంభాషణను సవరించుచు, తీసివేయబోయిన రెండు వాక్యములను మరల వింటిమి. అవి లేకున్న ఆయన చెప్పినది వేరొకటిగా వినబడును. వాని నట్లే యుంచి, మా ఉపోద్ఘాతమును తగ్గించుకొంటిమి.