కథకు బహుమానము



సాహిత్యసభ యనినంతనే మన పెద్దలకు పద్యము జ్ఞాపకము వచ్చును. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములకు వెనుకటి పండితులు పయనమై పోయి, ప్రభుసన్నిధిని విద్య చూపి, సంభావన లందుకొని యిండ్లు చేరుచుండెడివారు. తిరుపతి వేంకటకవుల యవధానములను గూర్చి మా గురువులు చెప్పుచుండగా మేము పాఠము మరచి వినుచుండెడివారము. పృచ్ఛకుడు ఎదుట కూర్చుండి సమస్య నిచ్చును. పద్యము అప్పటికప్పుడు పుట్టవలెను. యతి తప్పినచో సభకంతకు తెలియును.

ఆ సభలో వచనకథకు పీట లేదు. కథ చెప్పువారు మనకు లేకపోలేదు. బుడిగజంగములు ఊరి నడుమ తెల్లవార్లు చెప్పిరి. జనులు వారికి బియ్యము పోసిరి, పాతబట్టలిచ్చిరి. పండితుల శాలువ వారి భుజములమీద పడుట మాత్రమరుదు.

ఈ స్థితి మారుటకు అచ్చుయంత్రము కారణము. రాజమహేంద్రవరమునుండి వెలువడిన చింతామణి పత్రిక వచనప్రబంధములకు, అనగా నవలలకు, పోటీలు పెట్టెను. 1894లో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రామచంద్రవిజయమునకు బహుమానము వచ్చెను. ఆయన బడిపంతులు; దృష్టిమాంద్యము కలవారు. ఈ మాట తలచుకొనిన మావంటి బడిపంతుళ్లకు నేటికిని కొంత గర్వము కలుగును.

పోటీ యనునది సభామర్యాదనే మార్చివేసెను. రాజసభకు పోవలెనన్న ఒకరి సిఫారసు కావలెను, గురువు పేరు చెప్పవలెను, చిరుగులేని కండువయైన నుండవలెను. వ్రాతప్రతికి ఇవియేవియు నక్కరలేదు. అది టపాలో పోవును. పేరు మరుగుపరచినచో వ్రాసినది పురుషుడో స్త్రీయో, ఏ వాడవారో పరీక్షకునకు తెలియదు. ఇంత చిన్న యేర్పాటు ఇంత పెద్ద మార్పు తెచ్చుట మన సాహిత్యచరిత్రలో నాకు మరియొకచోట కనబడలేదు.

నవలకు బహుమానము దొరకినను చిన్నకథ పత్రికలనే నమ్ముకొని బ్రదికెను. బండారు అచ్చమాంబగారి ధనత్రయోదశి 1902 నాటిది; గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు 1910లో ఆంధ్రభారతిలో వచ్చెను. పద్యము నోట నిలుచును. కథ కాగితమున నిలువవలెను. పత్రిక చిరిగిన కథయు చిరుగును. అచ్చమాంబగారు 1905లో చిన్నవయస్సుననే గతించిరి. ఆమె కథలను మరల వెదకి చదువుకొనుటకు తెలుగువారికి పెక్కేండ్లు పట్టెను.

1934లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తువారి నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు, అడివి బాపిరాజుగారి నారాయణరావు రెండును నిలువగా బహుమానమును ఇరువురకు పంచిరి. 1952లో న్యూయార్కు హెరాల్డు ట్రిబ్యూను పత్రిక నడపిన ప్రపంచకథల పోటీలో పాలగుమ్మి పద్మరాజుగారి గాలివానకు రెండవ బహుమానము వచ్చెను. ఆయన పశ్చిమగోదావరి జిల్లా తిరుపతిపురమున 1915లో పుట్టి, రసాయనశాస్త్రము బోధించినవారు. ఆ కథలో నున్నదేమి? నియమనిష్ఠలు గల యొక పెద్దమనిషి, రైలులో బిచ్చమెత్తు నొక స్త్రీ, చిన్న స్టేషను, తుపాను రాత్రి. తీరమునందలి మన గ్రామములలో ఈ సరకు ఎవరెరుగనిది?

అందుచేతనే, గత కార్తికమున మా గ్రంథాలయమువారు కథల పోటీ పెట్టుదమనినప్పుడు నేను సమ్మతించితిని. చుట్టుప్రక్కల యూళ్లనుండి పదునొకండు కథలు వచ్చెను. బహుమానము వేయిన్నూటపదార్లు. పేర్లు వేరు కాగితమున వ్రాసి కవరులో పెట్టి యతికించితిమి. జిల్లానుండి నలుగురు రచయితలు సభకు విచ్చేసిరి. పరీక్షకులము ముగ్గురము ఏరిన మూడు కథలను, గొంతునుబట్టి గుర్తుపట్టకుండ, వ్రాసినవారు కాక వేరొకరు చదివిరి. పద్యమునకు యతి యెట్లో కథకు సభలోని దగ్గు అట్లు. మూడవ కథ సగమునకు వచ్చుసరికి ఎవరును దగ్గుటలేదు.

అది నాట్లు వేయు కూలివాండ్ర కథ. మాటలన్నియు వారి మాటలే. నాతో చదువుకొన్న పండితుడొకరు లేచి, "పంతులుగారూ, ఇది భాషయేనా? దీనికి శాలువ కప్పుటయా?" అని యడిగిరి. ఆయన అడుగుటలో తప్పులేదు. బాలవ్యాకరణము కంఠస్థము చేసిన నోటికి ఆ మాటలు గరుకుగానే యుండును. నేను ఈ ప్రసంగమును గ్రాంథికముననే వ్రాసితిని, ఇకముందును అట్లే వ్రాసెదను. కాని కాళిదాసు శాకుంతలములో ఉంగరము దొరకిన జాలరిచేత సంస్కృతము పలికించెనా? ప్రాకృతమే పలికించెను. శకుంతలయు ప్రాకృతమే మాటలాడును. పాత్రకు తగిన భాష యనునది మన శాస్త్రము చెప్పినదే గాని నిన్న మొన్న పుట్టినది కాదని మనవి చేసితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "అయినచో కథ నడుమ కవి చెప్పు వాక్యములైనను వ్యాకరణముగా నుండవద్దా?" అనిరి. దానికి నేను ప్రత్యుత్తర మీయలేదు. అది విచారింపదగిన ప్రశ్నయే.

కవరు విప్పి పేరు చదివితిమి. ఎవరును లేవలేదు. రెండవసారి చదువగా వెనుక గుమ్మమువద్ద, బిడ్డను చంకనెత్తుకొని నిలుచున్న యొక యువతిని ప్రక్కవారు ముందునకు త్రోసిరి. పదియేండ్లక్రిందట నావద్ద ఏడవ తరగతి చదివిన పిల్ల. పరీక్షకు రాక మానివేసినది. శాలువ కప్పవలసినవారు ఆ పండితుడే. బిడ్డ శాలువ అంచు పట్టుకొని విడువలేదు.

పదునొకండు కథలను అట్ట కట్టించి గ్రంథాలయపు పట్టికలో నెక్కించితిమి. అడిగినవారికి పదునైదు దినములకు ఇచ్చుచున్నారు.