చిన్న రైడ్‌.. పెద్ద క్యూ

కుటుంబ వినోద పార్కుల్లో ఒళ్లు గగుర్పొడిచే రైడ్‌ల వద్దే రద్దీ అధికమనుకోవడం పొరపాటు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం అనాహైమ్‌లో 1955లో ప్రారంభమైన డిస్నీల్యాండ్‌లోని ‘పీటర్‌ పాన్స్‌ ఫ్లైట్‌’ ఇందుకు నిదర్శనం. పైనున్న పట్టాకు వేలాడే చిన్న ఓడల్లో సాగే ఈ విహారం సుమారు 3 నిమిషాల్లోనే ముగుస్తుంది. అయినా దీనికోసం సందర్శకులు గంటకు తగ్గకుండా వేచి ఉండే రోజులున్నాయి.

కారణం లెక్కలోనే ఉంది. ఒక్కో ఓడలో ఇద్దరు, ముగ్గురికే చోటు. ఎత్తు నిబంధన లేనందున చంటిబిడ్డ నుంచి తాతయ్య వరకు అందరూ ఎక్కవచ్చు. ఎక్కగోరేవారు అధికం, గంటకు ఎక్కించగలిగేది స్వల్పం. అదే పార్కులోని ‘పైరేట్స్‌ ఆఫ్‌ ది కరీబియన్‌’లో ఒక్కో పడవ పలు వరుసల జనాన్ని మోస్తుంది. అందువల్ల అక్కడ బారు పొడవుగా కనిపించినా వేగంగా కదులుతుంది.

ఈ సమస్యకు విరుగుడునూ డిస్నీ సంస్థే చూపింది. ఫ్లోరిడాలోని మ్యాజిక్‌ కింగ్‌డమ్‌ పార్కులో 16 ఏనుగు బొమ్మలతో తిరిగే ‘డంబో’ రైడ్‌కు 2012లో జంటగా మరొకటి నిర్మించింది. పిల్లలు ఆడుకుంటూ వేచి ఉండేందుకు ప్రత్యేక ప్రాంగణాన్నీ జోడించింది.

పసిపిల్లలతో వెళ్లేవారు బారు పొడవును కాక, అది కదిలే వేగాన్ని గమనించాలి. తక్కువ మందిని మోసే రైడ్‌లను గేట్లు తెరవగానే ముగించుకోవడం ఉత్తమం.