ప్రశ్నల పక్షపాతము : హద్దుల చరిత్ర

ఒక ప్రశ్నకు రెండు వర్గముల విద్యార్థులు సమానముగా సమాధానము వ్రాయనంత మాత్రమున అది పక్షపాతము గల ప్రశ్న యని చెప్పుటకు వీలులేదు. ఒక వర్గమువారు ఆ విషయమును తక్కువగా నేర్చియుండవచ్చును. సమానముగా నేర్చినవారిలో సైతము ఒక వర్గమునకే అది కష్టమైనచో శంకింపవలసియుండును. లెక్కల ప్రశ్నలో 'ఆనపకాయ' యని వ్రాసినచో, దానిని సొరకాయ యని మాత్రమే యెరిగిన బాలుడు లెక్క వచ్చియు తడబడవచ్చును. ఇంతవరకు వివాదము లేదు. భేదము ఎంత యున్నచో ప్రశ్నను తొలగింపవలెను? ఆ హద్దును ఎవరు, దేనిని ఆధారముగా గొని నిర్ణయించిరి? మేము పరిశీలింపదలచినది దీనినే.

ఇట్టి హద్దులలో ప్రసిద్ధమైన యొకటి న్యాయవివాదమున పుట్టినది. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున బీమా ఏజెంట్ల లైసెన్సు పరీక్ష నల్లజాతి అభ్యర్థులకు అన్యాయము చేయుచున్నదని గోల్డెన్ రూల్ అను బీమా సంస్థ 1976లో దావా వేసెను. పరీక్షను తయారుచేసినది ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీసు. 1984లో రాజీ కుదిరెను. ఉభయవర్గములలోను నూటికి 40 మందికి తగ్గక సరిగా వ్రాసినదియు, రెండు వర్గముల నిష్పత్తుల భేదము 0.15 మించనిదియు నగు ప్రశ్నకు ప్రాధాన్యమీయవలెనని అందలి నియమము. ఈ సంఖ్యకు అభ్యర్థుల సామర్థ్యముతో నిమిత్తము లేదు. అందరును వ్రాయగల ప్రశ్న ఈ పరీక్షలో సులభముగా నెగ్గును. నేర్చినవానిని నేర్వనివానినుండి వేరుచేయు మంచి ప్రశ్న చిక్కుకొనును. ఆ రాజీ పొరపాటని 1987లో ఆ సంస్థాధ్యక్షుడు గ్రెగరీ అన్రిగ్ ప్రకటించెను. హద్దు పొరపాటే కావచ్చును. దావా వేసినవారి ప్రశ్న మాత్రము పొరపాటు కాదని మా అభిప్రాయము.

సవరణకు మార్గము వైద్యగణాంకములనుండి వచ్చినది. రోగకారణములను శోధించుటకై మాంటెల్, హెన్‌జెల్ అనువారు 1959లో ప్రకటించిన పద్ధతిని హాలెండ్, థేయర్‌లు 1988లో ప్రశ్నలకు అన్వయించిరి. మొత్తము మార్కులు సమానముగా నున్నవారిని మాత్రమే పరస్పరము పోల్చుట ఇందలి కీలకము. పిమ్మట ఆ టెస్టింగ్ సర్వీసువారు భేదమును డెల్టా అను మానముతో కొలిచి, 1కి లోపల నున్న దానిని ఉపేక్షణీయముగను, 1.5 మొదలుకొని పైనున్న దానిని, యాదృచ్ఛికము కాదని తేలినప్పుడు, తీవ్రముగను ఎంచిరి.

స్వామినాథన్, రోజర్స్‌లు 1990లో లాజిస్టిక్ రిగ్రెషన్ పద్ధతిని ప్రతిపాదింపగా చిక్కు మరింత స్పష్టమైనది. సామర్థ్యము తెలిసిన పిదప వర్గమును గూడ తెలిసికొన్నందున సమాధానమును ఊహించుటలో ఎంత లాభము కలుగునో ఇందు కొలుతురు. ఆ లాభము 0.13కు లోబడినచో లెక్కింపనక్కరలేదని జంబో, థామస్‌లు 1997లో అనిరి. 0.035 దాటిన మధ్యమమనియు, 0.070 దాటిన తీవ్రమనియు జొడోయిన్, గీర్ల్‌లు 2001లో అనిరి. లాభము 0.10గా నున్న ప్రశ్న ఏమి కావలెను? ఒకరి లెక్కలో నిర్దోషము, మరొకరి లెక్కలో ఘోరదోషము! ప్రశ్న ఒక్కటే, వ్రాసిన విద్యార్థులును వారే.

ఈ స్థితిలో అనుకరణపద్ధతి ఆదరణీయమైనది. దీని మూలము పరీక్షలలో లేదు. 1946లో జబ్బునుండి కోలుకొనుచు ఒంటరి పేకాట ఆడుచున్న ఉలాం అను గణితజ్ఞునకు, ఆట నెగ్గు అవకాశమును సూత్రములతో సాధించుటకంటె పలుమార్లు ఆడి లెక్కించుట మేలని తోచెను. మాంటీకార్లో యను పేరుతో ఆ పద్ధతిని అతడును మెట్రోపోలిస్‌యును 1949లో ప్రకటించిరి. చోయ్, గిబ్బన్స్, క్రేన్‌లు 2011లో ప్రకటించిన కంప్యూటరు కార్యక్రమము దీనినే హద్దు నిర్ణయమునకు వినియోగించినది. వర్గముల సామర్థ్యభేదమును ఉన్నదున్నట్లు నిలిపి, ప్రశ్నలలో పక్షపాతము బొత్తిగా లేదనుకొని, కృత్రిమమైన సమాధానములను పెక్కుమార్లు పుట్టింతురు. పక్షపాతము లేకయే కేవలము యాదృచ్ఛికముగా ఎంత భేదము కనబడునో దానివలన తెలియును. నూటికొకమారు మాత్రమే మించునట్టి విలువను హద్దుగా గైకొందురు. పరులు చెప్పిన సంఖ్య గాక, ఆ పరీక్షకు, ఆ జనమునకు తగిన సంఖ్య లభించును.

ఐనను రెండు విషయములు గమనింపదగినవి. అభ్యర్థులు వేలకొలది యైనచో యాదృచ్ఛికభేదము సన్నగిల్లి హద్దు మిక్కిలి దిగజారును. అప్పుడు దానిని దాటిన భేదము నిజమేయైనను అభ్యర్థికి నష్టము కలిగించునంతటిది కాకపోవచ్చును. రెండవది మరింత గడ్డుది. పరీక్షలోని పెక్కు ప్రశ్నలు ఒకే వర్గమునకు ప్రతికూలములైనచో, సామర్థ్యమని మనము నమ్మి అనుకరణకు ఆధారముగా గైకొన్న విలువయే కలుషితమై యుండును. ఆ దోషమును కృత్రిమ సమాధానములు ఎన్ని వేలు పుట్టించినను బయటపెట్టవు.