ఆల్‌ఫ్రెడ్ కార్పెంటర్

ఆల్‌ఫ్రెడ్ కార్పెంటర్ (1847–1925) బ్రిటిష్ రాయల్ నేవీ అధికారి, సముద్ర సర్వేయరు. 1880లలో భారత మెరైన్ సర్వేకు అధిపతిగా ఉండి, ‘ఇన్వెస్టిగేటర్’ నౌక మీద బంగాళాఖాతం లోతులు కొలిపించాడు.

లోతు కొలిచే విద్య అతనికి ‘ఛాలెంజర్’ యాత్రలో (1872–76) బాగా పట్టుబడింది. ప్రపంచాన్ని చుట్టిన ఆ నౌకలో అతను 1875లో చేరాడు. మరుసటి ఏడాది ఫాక్‌లండ్ దీవుల దగ్గర ఓ నావికుడు సముద్రంలో పడిపోతే, వెనకాముందూ చూడకుండా తానూ దూకాడు. ఆ సాహసానికి ఆల్బర్ట్ పతకం దక్కింది.

మెరైన్ సర్వే 1874లో కలకత్తాలో మొదలైంది. 1881లో బొంబాయిలో కట్టిన ఇన్వెస్టిగేటర్, పక్కచక్రాలతో నడిచే చెక్క పొగఓడ.    

ఇలాంటి సర్వే తెలుగు తీరంలో ఒకసారి గీసిన పటం కలకాలం పనికిరాదు. గోదావరి, కృష్ణా నదులు తెచ్చిపోసే ఒండ్రు తిప్పల్ని జరుపుతూనే ఉంటుంది. పేరుమోసిన కోరంగి రేవు అలాగే పూడి, వర్తకం కాకినాడకు తరలింది. అక్కడా పెద్ద ఓడలు దూరంగా లంగరేస్తే, సరుకును పడవల్లో చేరవేయాల్సి వచ్చేది. ఎక్కడ ఎన్ని బారల నీళ్లున్నాయో తెలియని కెప్టెనుకు ఓడ ఇసుకలో దిగబడుతుందన్న భయం తప్పేది కాదు.

రేవుల లోతుతోనే కార్పెంటర్ ఆసక్తి ఆగలేదు. గంగ ముఖద్వారం ఎదుట సముద్రగర్భంలో ఉన్న పెద్ద అగాధం గురించి 1885లో, బంగాళాఖాతపు లోతునీటి ఉష్ణోగ్రతల గురించి 1887లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. పైన నీళ్లు గోరువెచ్చగా ఉన్నా, అడుగున గడ్డకట్టే స్థాయికి కొద్ది డిగ్రీలే ఎక్కువ. ఆ చల్లనీరు దక్షిణ ధ్రువం వైపు నుంచి పాకివస్తుంది. ఈ మధ్యకాలంలోనే బర్మా యుద్ధ సేవకు అతనికి డి.ఎస్.ఓ. అనే సైనిక గౌరవమూ అందింది.

ఇన్వెస్టిగేటర్ నౌకలో ఒక వైద్యుడు జీవశాస్త్రజ్ఞుడి పని కూడా చూసేవాడు. మొదట జి.ఎం. గైల్స్, 1888 నుంచి ఎ.డబ్ల్యు. ఆల్కాక్. 1889లో కార్పెంటర్ తప్పుకున్నాక హాస్కిన్ పగ్గాలు తీసుకున్నాడు. ఆల్కాక్ మాత్రం ఓడలోనే కొనసాగి, ఆ అనుభవాలను 1902లో పుస్తకంగా తెచ్చాడు. వలకు చిక్కిన లోతునీటి చేపలు, పీతలు కలకత్తా ఇండియన్ మ్యూజియానికి చేరాయి.