వెదకువారికి దొరకు వ్రాత

దొరకని గ్రంథము లేని గ్రంథముతో సమానము. తాళపత్రముల కాలమున ఈ సంగతి అందఱకును అనుభవమే. అటుక మీద ఇరువది కట్టలున్నచో, ఏ కట్టలో ఏమున్నదో తెలియుటకు త్రాళ్లు విప్పి చూడవలసినదే. అందుచేతనే మన పూర్వకవులు పలువురు ఆశ్వాసాంతమున ఒక గద్య వ్రాసి, అందులో తమ పేరును, గ్రంథము పేరును, అది ఎన్నవ ఆశ్వాసమో ఆ సంఖ్యను తెలిపెడివారు. మొదటి ఆకులు చెదలు తిన్నను, ఆ గద్య మిగిలినచో కావ్యము ఎవరిదో పోల్చుకొనవచ్చును. వ్రాసినవాడు వెదకువాని కొఱకు విడిచిపెట్టిన గుర్తు అది.

నేడు మన పిల్లలు అంతర్జాలమున పుటలు వ్రాసి, అవి పదిమందికి కనబడుటకై చేయు యత్నమును ‘సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్’ అని పిలుచుచున్నారు. పేరు క్రొత్తది, పని మాత్రము ఆ గద్య చేసిన పనియే. దాని చరిత్రను కొంత మనవి చేసెదను.

అచ్చుపుస్తకములు పెరిగిన పిమ్మట గ్రంథాలయములకు పట్టికలు అవసరమయ్యెను. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు అధికారిగా నుండిన రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ ధర్మములను ఐదింటిని ప్రకటించిరి. పాఠకుని కాలమును కాపాడుట వానిలో నొకటి. పుస్తకము ఉండిన చాలదు, అడిగినవాని చేతికి వేళకు అందవలెనని దాని భావము.

1989లో టిమ్ బెర్నర్స్ లీ అను ఆంగ్లేయుడు జెనీవా సమీపమునందలి సెర్న్ పరిశోధనాలయమున వెబ్బును ప్రతిపాదించెను. 1991లో అది లోకమునకు తెరువబడెను. తొలినాళ్లలో పుటలు కొద్దియే గనుక మనుష్యులే పట్టికలు వ్రాసిరి. 1994లో పుట్టిన యాహూ అట్టి పట్టికయే. పుటలు లక్షలకు పెరుగగా మనిషి చేయి చాలక, ఆ పని యంత్రమునకు అప్పగింపబడెను.

శోధనయంత్రము చేయు పనులు మూడు. మొదటిది, ఊరూర తిరుగు పోస్టుమానువలె పుట పుటకును పోయి చదువుట. రెండవది, ఏ మాట ఏ పుటలో నున్నదో పుస్తకము చివరి అకారాదిసూచికవలె వ్రాసికొనుట. మూడవది, ఎవరైన అడిగినప్పుడు ఏ పుటను ముందు చూపవలెనో నిర్ణయించుట.

మొదటి పనిని మన డెల్టావారు సులభముగా గ్రహింపగలరు. కాటన్ దొర 1847లో ఆరంభించిన ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి పూర్తియయ్యెను. గోదావరి నిండుగా నున్నను, బోదె లేని చేనికి కాలువ నీరు చుక్కయైన రాదు. యంత్రము సాధారణముగా లింకుల వెంబడి నడచును. ఏ పుటయు దారి చూపని పుట బోదె లేని చేను వంటిది. కనుక పుటలు వ్రాయువాడు తన పుటలను ఒకదానితో నొకటి కలుపవలెను. పదుగురు మెచ్చి తమ పుటలనుండి దారి యిచ్చునంత ఉపయోగకరముగా వ్రాయవలెను.

మూడవ పనికి దారి చూపినవారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు లారీ పేజ్, సెర్గే బ్రిన్ అనువారు. 1998లో గూగుల్ సంస్థను స్థాపించినది వీరే. ఒక పుటనుండి మఱియొక పుటకు పోవు లింకును వారు సాక్ష్యముగా ఎంచిరి. సాక్షులందఱు సమానులు కారు. గ్రామమున మాటకు విలువ గలవాని సాక్ష్యమునకును, దారిన పోవువాని సాక్ష్యమునకును భేదమున్నట్లే, పదుగురు నమ్మిన పుట ఇచ్చు లింకునకు బరువు హెచ్చు.

సాక్ష్యమున్నచోట కూటసాక్ష్యమును పుట్టును గదా! కొందఱు తెల్లని పుటపై తెల్లని అక్షరములతో కంటికి కనబడని మాటలు నింపిరి. కొందఱు లింకులను వెలకు కొనిరి. కొందఱు ఒకే మాటను నూఱుమార్లు వ్రాసిరి. 2011లో సారము లేని పుటలను, 2012లో దొంగ లింకులను గూగుల్ వెనుకకు నెట్టెను. పుట వెనుక రహస్యముగా వ్రాయు ముఖ్యపదముల పట్టీని తాము లెక్కింపమని 2009లోనే ప్రకటించియుండెను. మోసము కొన్నాళ్లు పైకి వచ్చును గాని నిలువదు. మీ మనుమనితో ఎవడైన “డబ్బిస్తే రేపటికి మొదటి స్థానం తెప్పిస్తాను” అనినచో, వానికి పైకమీయవలదని చెప్పుడు.

తెలుగువారికి మఱియొక అడ్డంకి యుండెను. మన పత్రికలు అంతర్జాలమునకు వచ్చిన క్రొత్తలో తమ తమ సొంత ఫాంట్లు వాడుచుండెను. కంటికి తెలుగే, యంత్రమునకు మాత్రము అది అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు. అచ్చయిన తెలుగు ఎంత యున్నను వెదకినవానికి దొరకదాయెను. ప్రతి అక్షరమునకు లోకమంతట ఒకే సంఖ్య నిచ్చు యూనికోడులో 1991లోనే తెలుగునకు చోటు దొరకెను గాని, అది ఇండ్లలోని కంప్యూటర్లకు చేరుటకు కాలము పట్టెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో కూడ వచ్చిన తెలుగు ఫాంటు పేరేమో తెలియునా? ‘గౌతమి’! మన గోదావరి పాయ పేరే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమయ్యెను. అప్పటినుండి తెలుగు మాటను తెలుగులోనే వెదకుట క్రమముగా సాధ్యమయ్యెను. నేటికిని కొందఱు తెలుగు వ్రాతను బొమ్మగా తీసి పెట్టుచున్నారు. బొమ్మలోని అక్షరములు యంత్రమునకు దొరకునను నమ్మకము లేదు. అక్షరమును అక్షరముగానే వ్రాయుట మేలు.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకొందును. 2016లో తమిళనాట పొల్లాచ్చి ప్రాంతమున కనబడిన సర్పిలాకార తెల్లదోమ, ఆ వెనువెంటనే మన కడియము నర్సరీలకును, కోనసీమ కొబ్బరితోటలకును వచ్చినది. ఆకుల అడుగున తెల్లని చుట్టలు, క్రింది ఆకులపై నల్లని మసి. విషపుమందులు విచ్చలవిడిగా కొట్టినచో తెల్లదోమను చంపు మిత్రకీటకములే ముందు చచ్చునని శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. అంబాజీపేట ఉద్యాన పరిశోధనాస్థానము వారు మిత్రకీటకములను, మిత్రశిలీంధ్రమును రైతులకు పరిచయము చేసిరి.

నా పూర్వశిష్యుడొకడు మా ఊరి పేర వెబ్‌సైటు పెట్టి, “మాస్టారూ, ఈ సంగతులన్నీ మీరు రాసిపెట్టండి” అని అడిగెను. నేను ప్రాచ్యకళాశాలలో చదివినవాడను. గ్రాంథికమన్న ప్రీతి, ఇప్పుడు మీరు వినుచున్నదే. ‘నారికేళ శ్వేతమక్షికోపద్రవ నివారణము’ అని శీర్షిక పెట్టి ఎంతో శ్రమపడి వ్రాసితిని. నెలలు గడచినను చదివినవాడు లేడు.

ఒకనాడు మా యింటికి రెండు వీధుల అవతలనుండు రైతు అరుగు మీద కూర్చుండి, “మాస్టారూ, ఫోన్లో ‘కొబ్బరి తెల్లదోమ మందు’ అని ఎన్నిసార్లు కొట్టినా మందుల ప్రకటనలే వచ్చాయండి. ఆఖరికి అప్పుచేసి మందు కొట్టించేశాను” అనెను. నాకు మాట రాలేదు. నా పుటలో ‘కొబ్బరి’ అను మాట లేదు. ‘తెల్లదోమ’ అను మాట లేదు. ఆయన అడిగిన ప్రశ్నకు సమాధానము నాయొద్ద నుండియు, రెండు వీధులు దాటి పోలేకపోయినది.

నాడే శీర్షికను ‘కొబ్బరిలో తెల్లదోమ: గుర్తించడం, తగ్గించడం’ అని మార్చితిని. మొదటి రెండు వాక్యములలోనే ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో వ్రాసితిని. పిమ్మట చదువువారు ఒక్కరొక్కరుగా వచ్చిరి. కాని ఆ రైతు తోటలోని మిత్రకీటకములకు నా దిద్దుబాటు ఆలస్యమైనది.

నేటి యంత్రములు పర్యాయపదములను కొంతవరకు గ్రహించుచున్నవి. అయినను, అడుగువాని నోటి మాట పుటలో నుండుట మేలు. మన నగరమునకు 2015లో రాజమహేంద్రవరమను పేరు మరల వచ్చినది. వెదకువారిలో అనేకులు నేటికిని రాజమండ్రి యనియే అందురు. రెండు పేర్లును పుటలో సహజముగా నుండవలెను. శీర్షిక లోపలి విషయమునే చెప్పవలెను. పుట చిన్న ఫోనులోను త్వరగా తెరుచుకొనవలెను. తెలిసిన సంగతినే వ్రాయవలెను, పాతబడినప్పుడు దిద్దవలెను.

పెద్దలారా, తోటను గూర్చి, చేపల చెఱువును గూర్చి, ఊరి దేవాలయ చరిత్రను గూర్చి మీకు తెలిసినది అపారము. దానిని మీ మనుమలచేత వ్రాయింపుడు. వ్రాయించునప్పుడు వారిని ఒక్క ప్రశ్న అడుగుడు: “ఇది తెలియనివాడు దీనిని ఏ మాటతో అడుగును?” ఆ మాటను శీర్షికలో పెట్టింపుడు. మీ జ్ఞానము కట్ట విప్పని తాళపత్రము కాకుండ, అవసరమున్నవాని చేతికి వేళకు అందును.

సెలవు.